మిగిలిన బ్రెడ్డు ఎవరి వంతు?

వాది: ఎండిన బ్రెడ్డు వేరు, చెడిన బ్రెడ్డు వేరు. ఈ తేడా తెలియకే ప్యాకెట్టు అడుగున మిగిలిన నాలుగు ముక్కలు చెత్తబుట్టలో పడుతున్నాయి. తేమ ఆరిపోవడం వల్లే బ్రెడ్డు గట్టిపడుతుందని చాలామంది నమ్మకం. అది పూర్తిగా నిజం కాదని ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త బూసాంగో 1852లోనే చూపించాడు. గాలి చొరకుండా మూసిపెట్టినా, తేమ బయటికి పోకపోయినా రొట్టె గట్టిపడింది. కాల్చేటప్పుడు నీరు పీల్చుకుని ఉబ్బిన పిండిపదార్థం చల్లారాక మెల్లమెల్లగా మళ్ళీ బిగుసుకుంటుంది. లోపలిదాకా 60 డిగ్రీల పైన వేడి తగిలితే ఆ బిగువు సడలుతుంది. నిన్నటి ముక్కను పెనం మీద కాలిస్తే పైన కరకరలాడుతూ లోపల మెత్తబడేది అందుకే. పాడైన వస్తువును వేడి చేస్తే బాగుపడదు కదా! ఇది బాగుపడుతోందంటే పాడవలేదనే అర్థం.

ప్రతివాది: సూత్రం సరే. కాని ఆనాటి రొట్టె వేరు, మన కిరాణా కొట్లో దొరికే ప్యాకెట్టు వేరు. దాని వెనక చిన్న అక్షరాలు చదివితే చాలాసార్లు 282 అనే అంకె కనిపిస్తుంది. అది కాల్షియం ప్రోపియోనేట్, బూజును కొన్నాళ్ళు ఆపే నిల్వ పదార్థం. మెత్తదనం నిలపడానికి ఎమల్సిఫయర్లు కూడా ఉంటాయి. ప్లాస్టిక్ సంచిలో ఉన్న తేమ ఎటూ పోదు. అందువల్ల ఈ బ్రెడ్డు ఎండేదాకా ఆగదు. మెత్తగా ఉంటూనే ఒక పొద్దున మూలన ఆకుపచ్చ చుక్క వేస్తుంది. విశాఖలోనో కాకినాడలోనో వానాకాలం గడిపినవారికి ఈ సంగతి కొత్త కాదు.

బూజు కంటికి కనిపిస్తుంది కనుక నయం. ఉక్కపోత రోజుల్లో ఇంకో తెగులుంది. బాసిల్లస్ సబ్టిలిస్ అనే బాక్టీరియా బీజాలు బేకరీ పొయ్యి వేడిని కూడా తట్టుకుంటాయి. తర్వాత వాతావరణం వేడిగా, చెమ్మగా ఉంటే లేచి బ్రెడ్డు నడిమి భాగాన్ని జిగురు చేస్తాయి. ముక్కను విరిచి రెండు చేతులా మెల్లగా లాగితే సాలెగూడు పోగుల్లా సన్నని తీగలు సాగుతాయి, మిగలపండిన అనాస వాసన వస్తుంది. పైకి మాత్రం బ్రెడ్డు బ్రెడ్డులాగే ఉంటుంది. ‘పాతదైతే ఏం, పాలలో వేసి హల్వా చేసెయ్’ అనే సలహా ఇచ్చేవారు ఇదంతా చెప్పరు.

వాది: అలాంటిది పారేయాల్సిందే, అందులో పేచీ లేదు. బూజు పట్టిన మేర కోసేసి మిగతాది వాడటం కూడా తప్పే. మెత్తని పదార్థంలో బూజు పోగులు కంటికి ఆననంత లోతుకు పాకి ఉంటాయి. కొన్ని బూజులు వదిలే విషాలు మామూలు వంట వేడికి పోవు. అయితే ఈ భయం చెప్పేదేమిటి? ఆరో రోజు పారేయబోయేదాన్ని మూడో రోజే వండుకోమని.

అయినా రాత్రి మిగిలిన అన్నానికి తెల్లారి తాలింపు పెట్టుకునే ఇళ్ళు బ్రెడ్డు దగ్గర ఇంత జంకడం వింతగానే ఉంది. వండిన అన్నాన్ని గంటల తరబడి బయట వదిలేస్తే బాసిల్లస్ సెరియస్ అనే బాక్టీరియా అందులో విషం తయారుచేయగలదు. వాంతులు తెప్పించే ఆ విషం మళ్ళీ వేడి చేసినా విరగదు. ఆ లెక్కన తేమ తక్కువున్న బ్రెడ్డే నయం.

ప్రతివాది: చద్దన్నాన్ని మిగులుతో జమకట్టకండి. అన్నాన్ని మజ్జిగలోనో గంజిలోనో వేసి రాత్రంతా పులియబెట్టడం, కుండలో తరవాణి పెట్టడం, సంగటి ముద్దను పొద్దున్నే మజ్జిగలో పిసికి ఉల్లిపాయ నంజుకుని తాగడం అనుకుని చేసే పనులు. పొద్దున పొలానికి వెళ్ళేవాళ్ళకు కావాలనే రాత్రి రెండు గిద్దెలు ఎక్కువ పోసేవారు. పులిసిన దోసెల పిండి పుణుగులవుతుంది, మిగిలిన ఇడ్లీలు ఉప్మా అవుతాయి. బియ్యం మనది కనుక దాని ప్రతి దశకూ ఒక వంట పుట్టింది.

బ్రెడ్డు మన ఇళ్ళలోకి ఆ దారిన రాలేదు. చాలా కుటుంబాల్లో అది జ్వరం తిండి. ‘రెండు రోజులు బ్రెడ్డు, పాలు పెట్టండి’ అనేవాడు డాక్టరు. ఆసుపత్రికి పరామర్శకు వెళ్ళేవాళ్ళ చేతిలో ఒక బ్రెడ్డు, నాలుగు బత్తాయిలు ఉండేవి. కేంద్ర ప్రభుత్వం 1965లో మోడరన్ బేకరీస్ సంస్థను పెట్టాక ముక్కలు కోసి ప్యాక్ చేసిన బ్రెడ్డు పట్టణాల్లో మామూలైంది. రోగి మూడు ముక్కలు తినేవాడు. జ్వరం తగ్గేది, పథ్యం అన్నం మొదలయ్యేది, ముప్పాతిక ప్యాకెట్టు అలమారలో ఉండిపోయేది. ఇప్పటికీ 400 గ్రాముల ప్యాకెట్టునే నలుగురున్న ఇల్లూ కొంటుంది, గదిలో ఒక్కడే ఉండే ఉద్యోగీ కొంటాడు. తప్పు కొట్టు దగ్గర జరుగుతోంది. దాన్ని పొయ్యి దగ్గర దిద్దుకోమంటున్నారు మీరు.

వాది: బ్రెడ్డే అన్నమైన చోట ఏం చేశారో చూడండి. ఇటలీలోని టస్కనీవాళ్ళు ఎండు రొట్టెను నీళ్ళలో నానబెట్టి పిండేసి, టమాటా, ఉల్లిపాయ, ఆలివ్ నూనె కలిపి పాంజనెల్లా చేస్తారు. అదే ఎండు రొట్టెను బీన్సు, ఆకుకూరల చారులో ఉడికిస్తే రిబోలీటా. స్పెయిన్‌లో కోర్దోబా వాళ్ళు టమాటా, వెల్లుల్లితో కలిపి రుబ్బి, చల్లబరిచి సాల్మొరేహో అంటారు. లెబనాన్‌లో కరకరలాడేలా కాల్చి ఫత్తూష్‌లో వేస్తారు. పాలలో ముంచిన రొట్టెను వేయించి తేనె పోయడం రోమన్ల కాలం నాటి అపీసియస్ వంటల పుస్తకంలోనే ఉంది.

అంత దూరం ఎందుకు? హైదరాబాదులో డబల్ కా మీఠా బాగా చేసేవారిని గమనించండి. ముక్కల్ని కోణాలుగా కోసి ముందు గాలికి ఆరబెడతారు. తాజా ముక్క నేతిలో మెత్తబడి, పాకంలో పడగానే చితికి హల్వా అయిపోతుంది. ఆరిన ముక్క తేనెరంగు దాటి ఇంకాస్త ముదిరేదాకా వేగుతుంది. ఏలకులు, కుంకుమపువ్వు వేసిన పాకాన్నీ, చిక్కగా మరిగిన పాలనూ పీల్చుకున్నాక కూడా దాని అంచు నిలబడుతుంది. చెంచా దించితే తెగాలి, చెదరకూడదు. ఆ వంటకు పాతదనమే అర్హత.

ప్రతివాది: డబల్ కా మీఠాను పొదుపు ఖాతాలో రాస్తున్నారా? పెళ్ళి వంటకు ఆ బ్రెడ్డును బేకరీలో ముందే చెప్పి తెప్పిస్తారు, తెచ్చి ఆరబెడతారు. ఇంట్లో మిగిలిందని ఎవరూ దాన్ని మొదలుపెట్టరు. మలీదా సంగతీ అంతే. బతుకమ్మకు పెట్టే మలీదా కోసం రొట్టెలు అప్పటికప్పుడు కాల్చి బెల్లం వేసి నలుపుతారు.

లెక్కా వేద్దాం. వస్తువుల తయారీకి పట్టే నీటిని కొలిచే పరిశోధకులు కిలో గోధుమ బ్రెడ్డుకు ప్రపంచ సగటున సుమారు 1,600 లీటర్లు అవుతుందని తేల్చారు. నాలుగు ముక్కలు వంద గ్రాములనుకుంటే 160 లీటర్లు. అదే లెక్కలో కిలో వెన్నకు 5,500 లీటర్ల పైమాటే. నెయ్యి వెన్న కరిగిస్తే వచ్చేది కనుక ఇంకా ఎక్కువ. ఆ నాలుగు ముక్కలు వేగుతూ 50 గ్రాముల నెయ్యి తాగినా 275 లీటర్లు దాటిపోయింది. పాలు, చక్కెర, గ్యాస్ ఇంకా కలపలేదు. పైగా ఆ పూట తీపి తినాలని ఇంట్లో ఎవరూ అడగలేదు!

వాది: తీపి విషయంలో ఆ లెక్క చెల్లుతుంది, ఒప్పుకోవాలి. పండగకు ఎలాగూ తీపి చేసే ఇంట్లో మాత్రం నెయ్యి ఖర్చును బ్రెడ్డు నెత్తిన వేయడం న్యాయం కాదు. దాన్ని పక్కన పెట్టి బ్రెడ్డు ఉప్మా సంగతి చూడండి. రెండు చెంచాల నూనెలో ఆవాలు చిటపటలాడాక మినప్పప్పు, పచ్చిమిర్చి, కరివేపాకు, ఉల్లిపాయ. ఉల్లి మెత్తబడ్డాక టమాటా, పసుపు, ఉప్పు. టమాటా నీరంతా ఇగిరి నూనె తేలేదాకా ఆగాలి. అక్కడ తొందరపడితే ఉప్మా జిగురెక్కుతుంది. అప్పుడు బ్రెడ్డు ముక్కలు వేసి, గరిటెతో అడుగు నుంచి పైకి తిప్పుతూ రెండు నిమిషాలు. తాజా బ్రెడ్డు ముద్దయిపోతుంది. రెండు రోజులదైతే ఏ ముక్కకు ఆ ముక్క విడిగా, అంచులు కరకరలాడుతూ నిలుస్తుంది. దించాక నిమ్మరసం పిండితే పని అయిపోయింది. మొత్తం పావుగంట.

మరీ గట్టిపడినవాటిని మిక్సీలో తిప్పితే కట్లెట్ల పైపూతకు పొడి సిద్ధం. చాయ్‌లో ముంచుకునే రస్కు మాత్రం ఏమిటి? రెండోసారి కాల్చి తేమ తీసేసిన బ్రెడ్డే. డబ్బులిచ్చి కొనుక్కుంటే రుచిగా ఉంటుంది, ఇంట్లో అదే పని చేస్తే చిన్నతనమా?

ప్రతివాది: చిన్నతనమని కాదు, పాతదంటే మనసొప్పని వాళ్ళు చాలామంది ఉన్నారు. రసం పోయిన, రాత్రి గడిచిన ఆహారం తామసులకు ఇష్టమని భగవద్గీత 17వ అధ్యాయం లెక్కగట్టింది. ఆ పట్టింపు ఇప్పటికీ ఎన్నో ఇళ్ళలో గట్టిగా ఉంది.

వాది: అదే సంప్రదాయంలో మినహాయింపూ ఉంది. యవలతో, గోధుమలతో చేసినవి, పాలతో తయారైనవి చాలాసేపు నిలవున్నా తినవచ్చని మనుస్మృతి 5వ అధ్యాయం వెసులుబాటు ఇచ్చింది. బ్రెడ్డు గోధుమదే.

ప్రతివాది: వంటింటి న్యాయానికి మనువును సాక్షిగా పిలిచారు కనుక అసలు ప్రశ్న అడగక తప్పదు. మీరు చెప్పిన పావుగంట ఎవరిది? కేంద్ర గణాంక శాఖ 2024లో జరిపిన కాల వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపనులు చేసేవారిలో ఆడవాళ్ళు రోజుకు 289 నిమిషాలు వెచ్చిస్తున్నట్టు తేలింది. మగవాళ్ళు 88 నిమిషాలు. ‘ఏదీ పారేయొద్దు’ అనే నియమం ఇంటిల్లిపాదికీ పెడతారు, అమలు చేసే చేతులు మాత్రం రెండే.

ఆ మిగులు తినేదెవరో కూడా చూడండి. పిల్లలకు వేడి దోసె, ఆయనకు వేడి దోసె. ‘నాకిది చాల్లే, ఎందుకు పారేయడం’ అంటూ రాత్రిది ఆవిడ పళ్ళెంలోకి పోతుంది. నిన్న చపాతీ, ఇవాళ బ్రెడ్డు, రేపు ఇంకోటి. పొదుపు అనే మంచి పేరు కింద ఒక మనిషి ఏళ్ళ తరబడి చల్లారినవే తింటుంది. ఆ ఇంట్లో నాలుగు ముక్కలు పారేసి ఆవిడ కూడా వేడి దోసె వేసుకుంటే దాన్ని వృథా అనడానికి నోరెలా వస్తుంది?

వాది: దీనికి తేలికైన జవాబు లేదు. ఆ అన్యాయం నిజం. పొదుపు గురించి రాసేవారు దాన్ని దాటేస్తారన్నదీ నిజం. కాని బ్రెడ్డు పారేసినంత మాత్రాన ఆ 289 తగ్గవు. పారేసిన చేతులే మరో టిఫిను మొదలుపెడతాయి. వంట రాని చేతుల్ని పొయ్యి దగ్గరికి తేవడానికి బ్రెడ్డు కన్నా సులువైన దారి కూడా లేదు. నానబెట్టేది లేదు, రుబ్బేది లేదు, పిండి పులవనక్కర్లేదు. రాత్రి పదింటికి రోడ్డు పక్క బండి మీద చకచకా బ్రెడ్ ఆమ్లెట్ వేసిచ్చేది ఎక్కువగా మగవాళ్ళే. బజార్లో వచ్చిన పని ఇంట్లో రాకుండా పోతుందా?

ఇక మిగులుకు మర్యాద సంగతి. ఇటలీ షెఫ్ మాసిమో బొత్తూరా 2015లో మిలాన్ ఎక్స్‌పో జరుగుతుండగా అక్కడ వాడకుండా పడి ఉన్న ఒక నాటకశాలను భోజనశాలగా మార్చాడు. ఎక్స్‌పోలో మిగిలిన సరుకుతో పేరున్న షెఫ్‌ల చేత వండించి, ఇల్లు లేనివాళ్ళను బల్లల దగ్గర కూర్చోబెట్టి వడ్డించాడు. అక్కడి వంటలతో 2017లో వచ్చిన పుస్తకం పేరు ‘బ్రెడ్ ఈజ్ గోల్డ్’. వడ్డించే తీరు బాగుంటే మిగులుతో వండినా తినేవాడికి చిన్నతనం ఉండదు.

ప్రతివాది: అది పెద్ద షెఫ్‌ల చేతిలో. మామూలు జనం పాత బ్రెడ్డును ఎలా చూస్తారో 1917 నాటి బ్రిటన్‌లో తెలుస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధం మధ్యలో గోధుమకు కటకట వచ్చింది. కాల్చి 12 గంటలు గడవని బ్రెడ్డును అమ్మకూడదని ప్రభుత్వం ఆదేశించింది. వేడి బ్రెడ్డయితే జనం లాగించేస్తారు, పాతదైతే తక్కువ తింటారన్నది దాని లెక్క. అంటే పాత బ్రెడ్డు ఎవరికీ ఇష్టంగా దిగదని ప్రభుత్వానికే తెలుసు. ఆ ఇష్టం లేకపోవడాన్నే అది పొదుపు సాధనంగా వాడుకుంది.

మనకు తేదీ చిక్కు కూడా ఉంది. ఆహార భద్రత సంస్థ 2020 లేబుల్ నిబంధనల్లో ‘ఎక్స్‌పైరీ లేదా యూజ్ బై’ తేదీని తప్పనిసరి చేసింది. ‘బెస్ట్ బిఫోర్’ అదనంగా వేసుకుంటే వేసుకోవచ్చు, అంతే. ‘ఆ తేదీ రుచి కోసమేలే’ అని విదేశీ వంటల పుస్తకాలు ఇచ్చే భరోసా మన ప్యాకెట్టుకు అతకదు.

వాది: తేదీ దాటింది వండమని ఎవరూ అనడం లేదు. తేదీ లోపలే గట్టిపడినదాని గురించే ఈ మాటలన్నీ. అది చిన్న విషయమూ కాదు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024 నివేదిక ప్రకారం 2022లో ప్రపంచం వృథా చేసిన ఆహారం 105 కోట్ల టన్నులు. అందులో 60 శాతం హోటళ్ళలో, దుకాణాల్లో కాదు, ఇళ్ళలోనే పోయింది. దుకాణాల్ని కట్టడి చేయడానికి చట్టాలున్నాయి. అమ్ముడుపోని తిండిని పెద్ద సూపర్ మార్కెట్లు నాశనం చేయకూడదని ఫ్రాన్సు 2016లో చట్టం చేసింది. బేకరీల మిగులుకు వ్యాపారాలున్నాయి. లండన్‌లో పుట్టిన టోస్ట్ ఏల్ అనే సంస్థ మిగిలిన బ్రెడ్డుతో బీరు కాచింది. ఇంటి వంటగదిలోకి మాత్రం చట్టమూ రాదు, కంపెనీ కూడా రాదు. అక్కడ పనికొచ్చేది వండే నేర్పే.

‘ఆవుకు వేస్తాంలే’ అంటారు కొందరు. బ్రెడ్డు ఎక్కువగా తింటే ఆవు పొట్టలో ఆమ్లం పెరిగి దానికే ప్రమాదం. చెత్తలో వేస్తే హైదరాబాదులో అది జవహర్‌నగర్ చెత్తగుట్టకు చేరుతుంది. అడుగున పడి గాలి ఆడక కుళ్ళి మీథేన్ వదులుతుంది.

ప్రతివాది: ఇళ్ళలోనే 60 శాతమంటే కొనుగోలు దగ్గర చూపు పెట్టాలని కదా అర్థం! మీ బూసాంగో చెప్పినదాన్నే ఇంకో అడుగు ముందుకు తీసుకెళ్ళండి. పిండిపదార్థం అన్నిటికన్నా త్వరగా బిగుసుకునేది ఫ్రిజ్ చల్లదనంలో, సున్నాకు కాస్త పైన. సాక్షాత్తూ మనం బ్రెడ్డును దాచే చోటు అది. మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్లో ఆ మార్పు దాదాపు ఆగిపోతుంది. కొన్న రోజే సగం ప్యాకెట్టు గట్టిగా మూటకట్టి ఫ్రీజర్లో పెడితే, కావలసినప్పుడు రెండు ముక్కలు తీసి నేరుగా పెనం మీద కాల్చుకోవచ్చు. నెయ్యి ఖర్చు లేదు, పావుగంట పని లేదు, ఎవరి పళ్ళెంలో వేయాలన్న తగవు లేదు.

వాది: మంచి పద్ధతే. కాని ఒంటి తలుపు ఫ్రిజ్‌లో పైనున్న ఐస్ అర ఎంత? అందులో పాల ప్యాకెట్టు, ఐసు ట్రే పెట్టాక మిగిలేది ఎంత? వేసవిలో కరెంటు పోయే ఊళ్ళ మాటేమిటి? హాస్టల్ గదిలో ఫ్రిజ్జే ఉండదు. ఎంత లెక్కగా కొన్నా, పిల్లలు అనుకోకుండా ఊరెళ్ళిన వారం, పుట్టినరోజు మర్నాడు నాలుగు ముక్కలు మిగిలే తీరతాయి. ఆ రోజుకు చేతిలో ఒక వంట ఉండాలి. అది తెలియని ఇంట్లో ముందుచూపు తప్పిన ప్రతిసారీ చెత్తబుట్టే గతి.

ప్రతివాది: వంట తెలిసి ఉండటం తప్పని ఎవరన్నారు? పేచీ వరుస దగ్గర. ముందు తక్కువ కొనడం, తర్వాత దాచడం, అప్పటికీ మిగిలితే వండటం. ఆదివారం వంటల పేజీలు, యూట్యూబ్ వంటలు మూడోదాన్నే మొదట పెడతాయి. రెసిపీకి చూసేవాళ్ళుంటారు, ‘చిన్న ప్యాకెట్టు కొనండి’ అంటే ఎవరు చూస్తారు? చివరికి బ్రెడ్డు హల్వా చేయడం కోసమే కొత్త ప్యాకెట్టు కొనేవాళ్ళూ తయారయ్యారు.

వాది: వరుస ఒప్పుకున్నా మూడోది రద్దు కాదు. తక్కువ కొనమనే సలహా రేపటికి. ఇవాళ అలమారలో ఉన్న నాలుగు ముక్కలకు అది ఏ రకంగానూ పనికిరాదు.

ప్రతివాది: అయితే ఆ నాలుగు ముక్కల వరకు ఒక షరతు. ముందు వెలుతురులో పెట్టి చూడండి, వాసన చూడండి, ఒకటి విరిచి లాగండి. బాగుంటే వండండి. వండిన పూట ఇంట్లో అందరి పళ్ళేల్లోనూ అదే వడ్డించండి, ఒక్కరికి మాత్రమే మిగల్చకండి. గరిటె కూడా ఈసారి ఇంకొకరు పట్టుకోండి. మీ ఇంట్లో ఇది కుదరదనుకుంటే వచ్చే వారం కొట్లో చిన్న ప్యాకెట్టు అడిగి తీసుకోండి.